పదివేల మంది ఫాలోవర్లు, పది చీరల అమ్మకం

ఇంటి నుంచే చీరల వ్యాపారం చేసే మహిళల నోట నేను ఎక్కువగా వినే మాట ఒకటుంది: "ఇన్‌స్టాగ్రామ్‌లో పదివేల మంది ఫాలో అవుతున్నారండీ, నెలకు పది చీరలు కూడా కదలడం లేదు." ఆ మాటలో నిరాశతో పాటు కొంత చిన్నతనం కూడా వినిపిస్తుంది. చీరలో ఏదో లోపముందేమో, తమకు కెమెరా ముందు మాట్లాడడం రాదేమో అని వాళ్లు మథనపడుతుంటారు. చాలాసార్లు చీరలో ఏ లోపమూ ఉండదు. పదివేలు అనే అంకెకు వాళ్లు ఇచ్చుకుంటున్న అర్థంలోనే చిక్కు ఉంది.

బజారులో దుకాణం పెడితే ఆ దారిన పోయే ప్రతి మనిషికీ బోర్డు కనిపిస్తుంది. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పేజీ తెరిస్తే అలా జరగదు. మిమ్మల్ని ఫాలో అవుతున్నవారిలో ఈ రోజు మీ వీడియో ఎవరి కంట పడాలో ఆ సంస్థ కంప్యూటర్లు నిర్ణయిస్తాయి. ఒక మనిషి ఫోను తెరిచిన క్షణంలో ఆమెకు చూపించదగినవి వందల కొద్దీ పోగై ఉంటాయి. వాటిలో ఆమెను ఎక్కువసేపు కూర్చోబెట్టగలవి ఏవో అంచనా కట్టి, వాటిని ముందు వరుసలో పెడతారు. మీ చీర వెనకబడితే, ఆమె మిమ్మల్ని ఎంత ఇష్టంగా ఫాలో అవుతున్నా, అది ఆమె దాకా చేరదు.

ఈ పద్ధతి ఒక్కసారిగా రాలేదు. ఒక వీడియోను ఎంతమంది నొక్కారన్న దానికన్నా ఎంతసేపు చూశారన్నదే ముఖ్యమని యూట్యూబ్ 2012లోనే తన లెక్క మార్చుకుంది. 2018 జనవరిలో ఫేస్‌బుక్ స్నేహితులు, బంధువుల ముచ్చట్లకు ముందు పీట వేసి, వ్యాపార పేజీలను వెనక్కి జరిపింది. అప్పటిదాకా పైసా ఖర్చు లేకుండా వేల మందికి చేరిన పేజీలు ఆ తర్వాత మూగబోయాయి. ఇక టిక్‌టాక్ అసలు ఫాలోవర్ల లెక్కనే పక్కన పెట్టింది. ఎవరో తెలియని మనిషి తీసిన వీడియో కూడా బాగుంటే లక్షల మందికి చేరుతుందని అది చూపించింది. మిగిలిన సంస్థలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు ఒక రీల్ మిమ్మల్ని ఎన్నడూ చూడని లక్ష మందికి చేరవచ్చు, మర్నాటి రీల్ మీ సొంత ఫాలోవర్లలో మూడు వందల మందిని కూడా దాటకపోవచ్చు.

ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసేరి 2025 జనవరిలో మూడు కొలమానాలను ప్రత్యేకంగా చెప్పారు: ఎంతసేపు చూశారు, చూసినవారిలో ఎందరు లైక్ చేశారు, ఎందరు ఇంకొకరికి పంపారు. కొత్తవారికి చేరాలంటే ఈ మూడోది ఎక్కువ బరువు తూగుతుందని కూడా ఆయనే చెప్పారు. చీరలు అమ్మేవారికి ఇది మంచి కబురు. "వదినా, ఈ ఆకుపచ్చ నీకు నప్పుతుంది" అంటూ చీర బొమ్మ పంపుకోవడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. చీరను దుకాణాల్లో నిలబెట్టే బొమ్మకు కట్టి గిరగిరా తిప్పిన వీడియోను ఎవరూ ఎవరికీ పంపరు. అదే చీర చామనఛాయ మనిషి మీద పగటి వెలుగులో ఎలా ఉంటుందో, రెండు ఉతుకుల తర్వాత రంగు ఎలా నిలిచిందో, మంగళగిరి నేత చీర అంచు అసలు ఎలా నేస్తారో చూపిస్తే పంపుతారు. నేత ఊళ్లలో తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు చాచి గంజి పట్టించే దృశ్యాన్ని నిమిషం పాటు చూపిస్తే చాలు, దానికి మించిన ప్రకటన నాకైతే తోచదు.

అయినా ఇది పరాయి చోటు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఒకటి. దేశంలో దానికి అప్పటికి దాదాపు 20 కోట్ల మంది వినియోగదారులు ఉన్నారని అంచనా. మన పల్లెల నుంచి ఏళ్ల తరబడి అభిమానులను కూడబెట్టుకున్నవారు ఎందరో ఒక్క రాత్రిలో ఆ బంధాన్ని పోగొట్టుకున్నారు. ఎవరి ఫోన్ నంబరూ వాళ్ల దగ్గర లేదు. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశానికి వచ్చాయి. చాలామంది అక్కడ ఒకటి నుంచి మళ్లీ లెక్క మొదలుపెట్టారు. అద్దె ఇంటి గోడకు ఎంత ఖరీదైన రంగు వేయించినా ఖాళీ చేసే రోజున దాన్ని వెంట తీసుకుపోలేం. కాబట్టి సామాజిక మాధ్యమం మీద చేసే మార్కెటింగ్‌కు నా దృష్టిలో ఒకటే అసలు పని: అక్కడ కలిసిన మనిషిని మన సొంత పుస్తకంలోకి తెచ్చుకోవడం. పేరు, నంబరు, ఊరు, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు అన్న వివరాలు మన చేతిలో ఉండాలి. కింద చెప్పబోయే లెక్కలు, పరికరాలు అన్నీ ఈ పని చుట్టూనే తిరుగుతాయి.

ప్రకటన లెక్క

ఉచితంగా చేరడం తగ్గిన కొద్దీ డబ్బు కట్టి చేరడం పెరిగింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడింటి యజమాని మెటా 2023లో సంపాదించిన సుమారు 13,490 కోట్ల డాలర్లలో 97 శాతానికి పైగా ప్రకటనల నుంచి వచ్చిందే. మీరు పెట్టే పోస్టు వాళ్లకు సరుకు, చూసేవారి సమయం వాళ్లు అమ్మే వస్తువు. ఇందులో దాపరికం ఏమీ లేదు గానీ, చిన్న వ్యాపారి దీన్ని మనసులో పెట్టుకునే డబ్బు ఖర్చు చేయాలి.

ఆ అమ్మకం వేలం పద్ధతిలో సాగుతుంది. ఒక మహిళ ఫోను తెరిచిన ప్రతిసారీ ఆమెకు ఏ ప్రకటన చూపాలన్న దానిపై రెప్పపాటులో వేలం జరుగుతుంది. ఎక్కువ డబ్బు పాడినవాడే గెలుస్తాడని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఎంత పాడారన్నదాన్ని, ఆమె ఆ ప్రకటనకు స్పందించే అవకాశం ఎంతన్న అంచనాతో గుణిస్తారు. దానికి ప్రకటన నాణ్యతను కలుపుతారు. అందుకే మంచి వీడియో తీసినవాడికి అదే చోటు చవగ్గా దొరుకుతుంది. పండగల ముందు పెద్ద దుకాణాలు, ఆన్‌లైన్ సంస్థలు ఒక్కుమ్మడిగా వేలంలోకి దిగడంతో ధరలు పైకి లేస్తాయి.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు బూస్ట్ బటన్. డబ్బు కట్టి ఒక పోస్టును ఎక్కువ మందికి చూపించే మీట అది. పోస్టు కిందే ఉంటుంది, నొక్కడం తేలిక. కానీ యంత్రం మీరు ఏది అడిగితే దాన్నే వెతికి తెస్తుంది. లైకులు, వ్యాఖ్యలు కావాలన్న లక్ష్యంతో డబ్బు కడితే, కనబడిన ప్రతిదానికీ లైక్ కొట్టే అలవాటున్న మనుషులను తెచ్చి ఇస్తుంది. వాళ్లకు చీర కొనే ఉద్దేశం ఉండనక్కరలేదు. అదే డబ్బుతో మెటా ప్రకటనలను తయారుచేసి నడిపే యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, నొక్కగానే వాట్సాప్‌లో మీతో సంభాషణ తెరుచుకునే ప్రకటనను ఎంచుకుంటే లైకులు తగ్గుతాయి, బేరాలు పెరుగుతాయి.

ఆ బేరాలు లాభమా నష్టమా అన్నది కాగితం మీద వేసుకుంటే గానీ తేలదు. ఊహించిన అంకెలతోనే ఒక లెక్క చూద్దాం. చీర అమ్మే ధర 1,800 రూపాయలు. నేతన్నకు ఇచ్చేది 1,250. ప్యాకింగ్, కొరియర్‌కు 110. చీరకు మిగిలేది 440. మూడు వేలు పెట్టి ప్రకటన ఇచ్చారు. 60 మంది వాట్సాప్‌లో పలకరించారు, ఆరుగురు కొన్నారు. వచ్చిన మిగులు 2,640, ఖర్చు 3,000. అంటే 360 రూపాయల నష్టం. చాలామంది ఇక్కడే "ప్రకటనలు మనకు పనికిరావు" అని ఆపేస్తారు. కానీ ఆ ఆరుగురిలో ఇద్దరు ఏడాదిలోపు తిరిగి వచ్చి చెరో రెండు చీరలు కొన్నారనుకోండి. వాళ్ల కోసం కొత్తగా ప్రకటన ఖర్చు లేదు. నాలుగు చీరల మిగులు 1,760. ఇప్పుడు లెక్క 1,400 లాభానికి మారింది. కొనకుండా పలకరించి వెళ్లిన 54 మంది నంబర్లూ చేతిలోనే ఉన్నాయి.

మొదటి అమ్మకం చాలాసార్లు కేవలం పరిచయం. వ్యాపారం నిలబడేది రెండోసారి వచ్చినవారి మీదే. వెనకటి బట్టల కొట్టు యజమానికి ఇది బాగా తెలుసు. ఫలానా వారింట్లో పెళ్లి ఎప్పుడో, ఆ ఇల్లాలికి ఏ అంచు ఇష్టమో ఆయనకు గుర్తుండేది. ఆ జ్ఞాపకాన్ని ఇప్పుడు ఒక పట్టికలో రాసుకుంటున్నాం, అంతే తేడా.

పెద్ద సంస్థలు కూడా ఇదే బాట పట్టడానికి ఒక కారణం ఉంది. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ తన ఫోన్లలో ఒక నిబంధన తెచ్చింది: ఒక యాప్ మిమ్మల్ని ఇతర యాప్‌లలో, వెబ్‌సైట్లలో వెంబడించి చూడాలంటే ముందు మీ అనుమతి అడగాలి. చాలామంది వద్దన్నారు. దానివల్ల 2022లో తమకు సుమారు వెయ్యి కోట్ల డాలర్ల ఆదాయం తగ్గవచ్చని మెటాయే చెప్పుకుంది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా అనుమతినే పునాదిగా తీసుకుంది. మనిషి తానుగా, తెలిసి ఇచ్చిన నంబరుకు విలువ పెరుగుతోంది. ఎక్కడో కొన్న నంబర్ల జాబితాకు ఎప్పుడూ లేని గౌరవం ఇక రాదు.

చేతికి అందే పరికరాలు

యాప్‌ల జాబితాలు చూసి పదిహేను దించుకుని, ఒక్కటీ సరిగా వాడనివారిని నేను చూశాను. నా అభిప్రాయంలో ఇంటి వ్యాపారానికి అన్నింటికన్నా ముఖ్యమైనది వాట్సాప్ బిజినెస్. ఇది 2018 నుంచి ఉచితంగా దొరుకుతోంది. ఇందులో కేటలాగ్ ఉంది, ధరతో సహా చీరలను పేర్చి పెట్టవచ్చు. లేబుళ్లు ఉన్నాయి: "డబ్బు రావాలి", "పంపించాం", "పట్టు అడిగారు", "అమెరికా" అని ఎవరికి వారికి రంగు గుర్తు తగిలించవచ్చు. తరచూ అడిగే ప్రశ్నలకు ముందే రాసి పెట్టుకున్న జవాబులు ఉంటాయి. ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు. అయితే చాలామందికి తెలియని మెలిక ఒకటి అందులో ఉంది. మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికి మాత్రమే ఆ సందేశం చేరుతుంది. అందుకే పార్శిల్‌లో పెట్టే చీటీ మీద "మా నంబరు మీ ఫోనులో దాచుకోండి" అన్న ఒక్క వాక్యం వేయించండి. ఖరీదైన డిజైన్ కన్నా ఆ వాక్యం ఎక్కువ సంపాదిస్తుంది.

ప్రత్యక్ష ప్రసారంలో చీరలు చూపిస్తూ, "నచ్చిన చీర స్క్రీన్‌షాట్ తీసి ఈ నంబరుకు పంపండి" అనడం ఇప్పుడు తెలుగునాట అందరికీ అలవాటైన అమ్మకపు పద్ధతి. ఎవరూ నేర్పకుండా మనవాళ్లు తామే కనిపెట్టుకున్న ఈ దారి నాకు ఎంతో నచ్చుతుంది. లోపం ఒక్కటే: ఏ స్క్రీన్‌షాట్ ఏ ప్రసారం నుంచి వచ్చిందో తర్వాత తెలియదు. ప్రతి ప్రసారానికీ ఒక గుర్తు, ప్రతి చీరకూ ఒక నంబరు రాసి కెమెరాకు చూపిస్తే ఆ చిక్కు తీరుతుంది. వెబ్‌సైట్ ఉన్నవారు లింకు చివర యూటీఎం అనే చిన్న తోక తగిలిస్తే, కొన్నవారు ఏ పోస్టు నుంచి వచ్చారో, వెబ్‌సైట్‌కు వచ్చేవారిని లెక్కగట్టే గూగుల్ అనలిటిక్స్ చెబుతుంది. లేనివారికి గూగుల్ షీట్స్‌లో "ఎలా తెలిసింది" అన్న ఒక గడి చాలు.

పోటీదారులు ఏం చేస్తున్నారో తెలుసుకోవడానికి మెటా యాడ్ లైబ్రరీ ఉంది. ఖాతా కూడా అక్కరలేదు, ఏ పేజీ పేరు కొట్టినా ప్రస్తుతం అది నడుపుతున్న ప్రకటనలు, అవి మొదలైన తేదీ కనిపిస్తాయి. మూడు నెలలుగా ఆపకుండా నడుస్తున్న ప్రకటన ఉందంటే అది వాళ్లకు డబ్బు తెస్తోందనే అనుకోవచ్చు. దాన్ని నకలు చేయమని కాదు, అందులో మొదట ఏం చూపించారో, ధర ఎక్కడ చెప్పారో గమనించమని చెబుతున్నాను.

జనం గూగుల్‌లో ఏ మాట ఎప్పుడు ఎక్కువగా వెతుకుతున్నారో చూపే గూగుల్ ట్రెండ్స్ వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అది చూపించే 100 అనే అంకె వెతికినవారి సంఖ్య కాదు. ఆ కాలంలో ఆసక్తి అత్యధికంగా ఉన్న చోటును 100గా తీసుకుని మిగతావి దానితో పోల్చి చెబుతుంది. ఒకే మాటను తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాసి పోల్చి చూడండి. మన కొనుగోలుదారులు ఏ లిపిలో వెతుకుతున్నారో తెలిస్తే వీడియో శీర్షిక ఎలా పెట్టాలో తెలుస్తుంది. కాన్వా గురించి పెద్దగా చెప్పనక్కరలేదు, తెలుగు ఖతులతో పోస్టర్లు, ధరల పట్టికలు దానిలో తేలిగ్గా తయారవుతాయి. పోస్టులను ముందే సిద్ధం చేసి సమయానికి వెళ్లేలా పెట్టుకోవడానికి మెటా బిజినెస్ సూట్ ఉచితమే. గూగుల్ మ్యాప్స్‌లో కనబడాలంటే బిజినెస్ ప్రొఫైల్ కావాలి, కానీ కొనేవారు మీ దగ్గరకు వచ్చేదో, మీరు వారి దగ్గరకు వెళ్లేదో అయితేనే దానికి అర్హత ఉంటుంది. కేవలం ఆన్‌లైన్‌లో అమ్మేవారికి వర్తించదు.

చెల్లింపుల విషయంలో ఒక మాట. యూపీఐ వచ్చాక చిన్న వ్యాపారికి కలిగిన మేలు అంతా ఇంతా కాదు. అలాగే నకిలీ చెల్లింపు స్క్రీన్‌షాట్లూ పెరిగాయి. డబ్బు పడిందో లేదో సొంత బ్యాంకు ఖాతాలో చూసుకున్నాకే పార్శిల్ కట్టండి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కు ఫోను చేయండి.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి కృత్రిమ మేధ అందరి పనిముట్టైంది. చీర వివరాలు రాయడానికి, వ్యాఖ్యలకు మర్యాదగా జవాబు తయారు చేసుకోవడానికి, మన తెలుగు వాక్యాన్ని తమిళంలోకో హిందీలోకో మార్చుకోవడానికి అది ఉపయోగపడుతుంది. కానీ అది రాసిన ప్రతి అక్షరం చదవాలి. అడగకుండానే "తరతరాల వారసత్వం", "స్వచ్ఛమైన జరీ" అని కలిపేస్తుంది. యంత్రం సృష్టించిన మోడల్ బొమ్మకు చీర కట్టించి చూపడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. బొమ్మలో నేత పోగులు కలిసిపోతాయి, అంచు కొలత మారుతుంది, రంగు మెరుగవుతుంది. చేతికి వచ్చిన చీర వేరుగా ఉంటుంది. నెలరోజుల కూలి మీద బతికే నేతన్న పరువు ఆ తేడాతో పోతుంది.

నమ్మకానికి చట్టం పెట్టిన హద్దులు

పేరున్నవారితో చెప్పించుకోవడం ఇప్పుడు మార్కెటింగ్‌లో పెద్ద భాగం. లక్షల ఫాలోవర్లున్న ఒకరి కన్నా, తమ చుట్టూ ఐదారు వేల మంది నమ్మకస్తులను కూడగట్టుకున్న సంగీతం టీచరో, వంటల వీడియోలు చేసే అమ్మమ్మో చిన్న వ్యాపారానికి మేలు. వాళ్లు చెప్పిన మాటకు ఇరుగుపొరుగు చెప్పిన మాట విలువ ఉంటుంది. అయితే డబ్బు తీసుకున్నా, ఉచితంగా చీర తీసుకున్నా ఆ సంగతి చెప్పి తీరాలి. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడుతుంది. ప్రచారం చేసినవారిని ఏడాది పాటు, పదేపదే చేస్తే మూడేళ్ల పాటు ప్రచారాలకు దూరం పెట్టవచ్చు. 2023 జనవరిలో ఇంకా వివరంగా చెప్పారు: వీడియో అయితే ఆ విషయం మాటగానూ రాతగానూ ఉండాలి, ప్రత్యక్ష ప్రసారమైతే తెర మీద ఎడతెగకుండా కనిపించాలి.

ఈ హద్దు ఎందుకు అవసరమో మన తెలుగు రాష్ట్రాలు చేదుగా నేర్చుకున్నాయి. ఇంట్లో మనిషిలా నవ్వుతూ మాట్లాడే యువత బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసింది, వారి మాట నమ్మి కుటుంబాలు అప్పులపాలయ్యాయి. 2025 మార్చిలో హైదరాబాద్ పోలీసులు అలాంటి ప్రచారకులపై కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది.

నకిలీ సమీక్షలదీ ఇదే కథ. అమ్మేవాడే కొన్నవాడిలా నటించి పొగుడుకోవడాన్ని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు నిషేధించాయి. మరమగ్గం చీరను చేనేత అని అమ్మడం వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధిస్తుంది. నిజంగా చేనేత అమ్మేవారికి ఆ నిజాన్ని చూపించుకునే దారులున్నాయి. 2006 నుంచి చేనేత అని తెలిపే హ్యాండ్లూమ్ మార్కు ఉంది. నేసేటప్పుడు గుడ్డను సాగదీసి పట్టే కర్ర మేకుల వల్ల అంచు పక్కన సన్నని రంధ్రాల వరుస పడుతుంది. దాన్ని దగ్గరగా చూపించండి. గుంట మగ్గం మీద నాడె అటూ ఇటూ పరుగెత్తే చప్పుడును పాట పెట్టి కప్పేయకుండా అలాగే వినిపించండి.

"ధర కోసం ఇన్‌బాక్స్‌కు రండి" అనే అలవాటు మానుకుంటే మంచిది. ధర అడగడానికి మొహమాటపడే మనుషులు మన దగ్గర చాలామంది, వాళ్లు మాట్లాడకుండా ముందుకు జరిగిపోతారు. చీర మార్చుకునే షరతు కూడా ముందే చెప్పాలి. "పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయకపోతే తిరిగి తీసుకోం" అని చిన్న అక్షరాల్లో దాచడం న్యాయం కాదు.

విదేశాల్లోని తెలుగువారు మంచి కొనుగోలుదారులే. మనకు ఉదయం ఏడు గంటలైతే అమెరికా తూర్పు తీరంలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరో, వేసవిలో తొమ్మిదిన్నరో అవుతుంది. భోజనాలయ్యాక ఫోను పట్టుకునే వేళ కాబట్టి ప్రసారానికి అది సరైన సమయం. అయితే 800 డాలర్ల లోపు పార్శిళ్లకు సుంకం లేకుండా అమెరికా ఇచ్చిన వెసులుబాటు 2025 ఆగస్టు 29తో ముగిసింది. ఆ సమయంలో మన తపాలా శాఖ కొన్ని వారాల పాటు అక్కడికి పార్శిళ్ల బుకింగ్ చాలావరకు ఆపింది. సుంకం ఎవరు కడతారో చెప్పకుండా విదేశీ ఆర్డరు తీసుకుంటే అమ్మినవారికీ కొన్నవారికీ మనస్తాపమే మిగులుతుంది.

కాలం సంగతి చూసుకోండి. దసరా, దీపావళికి ప్రకటనల వేలం వేడెక్కుతుంది, అప్పుడు కొత్తవారిని వెతకడం ఖర్చుతో కూడిన పని. ఆషాఢంలో బేరాలు మందకొడిగా ఉంటాయి. ఆ నెలలో రోజుకు రెండు వందలు పెట్టి, మగ్గం వీడియో చూపిస్తూ, "శ్రావణం చీరలు రాగానే ముందు మీకే చూపిస్తాం, పేరు, ఊరు పంపండి" అని వాట్సాప్‌కు పిలవండి. వరలక్ష్మీ వ్రతానికి పదిరోజుల ముందు పుస్తకం తెరిచి, నిరుడు కొన్నవారికి ఒక్కొక్కరికీ పేరుతో రాయండి: "లక్ష్మి గారూ, పోయినసారి మీరు తీసుకున్న పసుపు చీరకు జతగా ఈసారి కుంకుమరంగు అంచు నేయించాం, చూస్తారా?"